రచన పేపరులో రచన చేయించండి: దక్షిణ తెలంగాణ విశ్వవిద్యాలయాల తెలుగు పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాధికారులకు, విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, తెలుగు పాఠ్యప్రణాళికా సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు, డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, తోటి తెలుగు అధ్యాపకులకు నమస్కారం.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో డిగ్రీ, పీజీ పిల్లలకు తెలుగు చెప్పేవాళ్లం, పద్యం కట్టేవాళ్లం, కథలు రాసేవాళ్లం, పత్రికలకు వార్తలు పంపేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఇదే విషయం మీద ఇంతకుముందు వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత పిలుపూ లేదు, జవాబూ లేదు. అందుకే ఇప్పుడు పదిమంది ముందు పెడుతున్నాం.

మేం అడిగేది ఒక్కటే. రచన నేర్పే పేపరు అని పేరు పెట్టిన చోట విద్యార్థి చేత రాయించాలి. రాసినదాన్ని ఒకరు చదివి దిద్దాలి. దిద్దినదాన్ని విద్యార్థి మళ్లీ రాయాలి. మళ్లీ రాసినదానికి మార్కులుండాలి. ఈ నాలుగింట్లో ఇప్పుడు ఒక్కటీ సరిగా జరగడం లేదు.

ప్రశ్నపత్రం ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు. "కథానిక లక్షణాలు వివరించండి." "ఉత్పలమాల లక్షణాలు రాసి ఉదాహరించండి." "వచన కవితా వికాసాన్ని తెల్పండి." మొదటిదానికి క్లుప్తత, ఏకాంశం, కొసమెరుపు అని వరుసగా దించుతారు. రెండోదానికి భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి, ప్రాస ఉంటుంది, పాదానికి 20 అక్షరాలు అని రాసి, గైడులో ఉన్న పాదాన్నే ఎక్కించి గురులఘువులు పెడతారు. మార్కులకు ఢోకా లేదు. ఆ విద్యార్థి మూడేళ్లలో ఒక్క కథ రాయలేదు, సొంతంగా ఒక్క పాదం కట్టలేదు. పరీక్షకు వారం ముందు కాలేజీ ఎదుటి జిరాక్స్ సెంటర్లో చిన్నక్షరాల కట్ట కొనుక్కుంటే ఆ పేపరు గట్టెక్కుతుంది.

బీఎస్సీ పిల్లలు టైట్రేషన్ చేయకుండా దాని నిర్వచనం రాస్తే ప్రాక్టికల్ మార్కులు వేయం కదా. తెలుగులో మాత్రం వేస్తున్నాం.

దీనివల్ల నష్టం కవులకూ కథకులకూ మాత్రమే అనుకుంటే పొరపాటు. మా జిల్లాల్లో ఎవరెవరి మీద పడుతోందో చూడండి.

1. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వచ్చే రైతు చేతిలో కాగితం చూడండి. ఇంట్లో డిగ్రీ చదివిన కొడుకో బిడ్డో ఉన్నా దరఖాస్తు బయట డబ్బులిచ్చి రాయించుకొస్తాడు. అందులో "నా భూమి సమస్యను పరిష్కరించగలరని ప్రార్థన" అని ఉంటుంది కానీ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, పాత పహాణీలో (భూమి రికార్డులో) ఎవరి పేరుంది, తప్పు ఎప్పుడు ఎక్కింది, ఇంతకుముందు ఏ తేదీన ఏ ఆఫీసులో కాగితం ఇచ్చారు అన్నవి ఉండవు. ఉన్నా చివర్లో ఎక్కడో ఉంటాయి. అట్లాంటి కాగితం మీద ఏ అధికారైనా చేయగలిగింది కింది ఆఫీసుకు పంపడం ఒక్కటే. జరిగినదాన్ని జరిగిన వరుసలో, ఎదుటివాడికి కావలసిన వివరంతో రాయడం వచన రచనలో మొదటి పాఠం. అది మూడేళ్ల డిగ్రీలో ఎక్కడా చెప్పడం లేదు.

2. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులది. తెలుగులో రాయొచ్చు. మా పిల్లలు హైదరాబాదులో గది అద్దెకు తీసుకొని, కోచింగ్‌కు ఫీజు కట్టి, తయారు చేసిన వ్యాసాలు బట్టీ పడతారు. ప్రశ్న కొద్దిగా పక్కకు జరిగితే చేతులెత్తేస్తారు. ఆ ఖర్చు కైకిలి (కూలి పని) చేసిన తల్లిదండ్రుల రెక్కల కష్టం.

3. డిగ్రీ తర్వాత బీఎడ్ చేసి బడిపంతులు అయ్యేవాళ్లు ఎక్కువ. పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో సృజనాత్మకత అని ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి: కవిత రాయండి, సంభాషణ రాయండి, కరపత్రం తయారు చేయండి అని. పదో తరగతి పిల్లలను అడిగే పని డిగ్రీ పిల్లలను అడగడం లేదు. తాను ఎన్నడూ రాయని టీచరు ఏం చేస్తారు? నల్లబల్ల మీద ఒక కవిత రాసి ఎక్కించుకొమ్మంటారు. నలభై మంది అదే కవిత రాస్తారు.

4. మండల విలేకరుల్లో చాలామంది ఈ కాలేజీల్లో చదివినవాళ్లే. వార్తలో "కార్యక్రమం నిర్వహించడం జరిగింది", "సమస్యలు పరిష్కరించబడాలని కోరడం జరిగింది" అని వస్తుంటే ఎవరు నిర్వహించారో, ఎవరు పరిష్కరించాలో మాయమైపోతుంది. ఉపాధి కూలి డబ్బులు ఎన్ని వారాలుగా రాలేదో, ఎంతమందికి రాలేదో ఆ వాక్యంలో ఉండదు. కూలికి న్యాయం జరగకపోవడానికి ఇట్లాంటి వాక్యాలూ కారణమే.

5. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లు, బొంబాయికీ భీవండికీ వలసపోయిన తండాలు, నల్లమలలో చెంచు పెంటలు (చెంచుల ఆవాసాలు) మన దగ్గరివి. వాటి గురించి బయటి నుంచి వచ్చినవాళ్లు రెండు రోజులు తిరిగి రాసినది చదువుతున్నాం. వాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ ఇళ్ల నుంచి కాలేజీకి వచ్చిన మొదటి తరం పిల్లల చేతిలో కలం ఉంది, రాయడం నేర్పినవాళ్లు లేరు.

నైజాం తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా ఇదే పాలమూరు గడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఇప్పుడు ఆ సంవత్సరం, ఆ సంఖ్య మన విద్యార్థులకు నోటికి వచ్చు, ఒక మార్కు ప్రశ్న కనుక. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన చేసిన పని, అంటే ఊరూరా రాసేవాళ్లను వెతికి రాయించడం, మన తరగతి గదుల్లోకి రాలేదు.

మా వినతిపత్రం ఇచ్చిన రోజు ఒక పెద్దాయన "రచన నేర్పితే వచ్చేదా, పుట్టుకతో రావాలి" అన్నారు. ఆయన మీద గౌరవంతోనే జవాబు చెప్తున్నాం. ఎం.ఏ. తెలుగులో మనమే చెప్పే సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి కారణాలు చెప్తూ శక్తితోపాటు (పుట్టుకతో వచ్చే ప్రతిభతోపాటు) లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ చూడడం వల్ల వచ్చే నైపుణ్యాన్ని చెప్పాడు, "కావ్యజ్ఞ శిక్షయాభ్యాసః" అనీ చెప్పాడు. కావ్యం తెలిసినవాళ్ల దగ్గర శిక్షణతో చేసే అభ్యాసం అని. ఈ మూడూ కలిసి ఒకే కారణం అన్నాడు. శక్తిని మనం ఇవ్వలేం, నిజమే. మిగతా రెండూ ఇవ్వడానికే కదా విశ్వవిద్యాలయం ఉంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచన కోసం ప్రత్యేకంగా పీజీ కోర్సు పెట్టింది. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో పెట్టింది. అక్కడ చదివిన నవలాకారుడు కజువో ఇషిగురోకు 2017లో సాహిత్య నోబెల్ వచ్చింది. మనకు అంత దూరం పోవాల్సిన అవసరం కూడా లేదు. అవధానంలో సమస్య, దత్తపది ఎందుకు పెట్టారు? పాదం ఒకటి ఇచ్చి మిగతా మూడు నింపమనడం, నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమనడం తరగతి గదికి అచ్చంగా సరిపోయే అభ్యాసాలు. వాటిని వేదిక మీద చూసి చప్పట్లు కొట్టి వస్తున్నాం.

రాయించి దిద్దడం అంటే ఏం చేయడమో కొంచెం దగ్గరగా చూపిస్తాం. మొదట వచనం.

"మా ఊరు" అని 300 మాటల్లో రాయమంటే మొదటిసారి దాదాపు అందరూ ఇట్లా మొదలుపెడతారు: "మా గ్రామం ప్రకృతి రమణీయతకు నిలయం. పచ్చని పైరులు మరియు గలగల పారే సెలయేళ్లతో మా గ్రామం స్వర్గాన్ని తలపిస్తుంది." రాసిన పిల్లది ఫ్లోరైడు నీళ్ల మర్రిగూడ వైపు ఊరిది అయితే ఆ ఊరికి గలగల పారే సెలయేరు ఎక్కడిది? ఆ వాక్యం ఆమెది కాదు, ఆరో తరగతి నుంచి నోట్సులో ఎక్కించుకుంటూ వచ్చినది. దానికి పదికి ఏడు మార్కులు వేసి పంపితే జీవితాంతం అట్లనే రాస్తుంది. అంచున నాలుగు ప్రశ్నలు రాసి తిరిగివ్వాలి. ఇది ఏ నెల? ఏ పంట? నీళ్లు ఎక్కడివి? నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావు? ఈ ప్రశ్నల తర్వాత రెండోసారి రాసేది ఇట్లా ఉండొచ్చు:

"వానకాలం పత్తి పెడతరు. మా చేను కాడి బోరు 600 ఫీట్లు పోయింది. మోటరు వేస్తే ముందు గాలి ఊదుతది, పావుగంటకు ఎర్రనీళ్లు, తర్వాత సన్నధార. గంటకు అదీ ఆగుతది. ఆ నీళ్లు తాగొద్దని మా నాయనమ్మ చెప్తది. ఆమె లేవాలంటే గోడ పట్టుకోవాలె."

మొదటిదానికీ దీనికీ తేడా ఎవరికైనా తెలుస్తుంది. కానీ పని ఇక్కడితో అయిపోలేదు. నాయనమ్మ హఠాత్తుగా వచ్చింది, ఆమెను కొంచెం ముందే గడప దగ్గర కూర్చోబెట్టాలి. "తాగొద్దని చెప్తది" అన్నచోట ఆమె నోటి మాట ఉన్నదున్నట్టు పెట్టాలి. చివరి వాక్యం మాత్రం ముట్టుకోవద్దు. వంగిన నడుము గురించి, రోగం గురించి ఒక్క మాట చెప్పకుండా అంతా చెప్పింది. దాని తర్వాత "ఫ్లోరైడ్ మహమ్మారి మా బతుకులను కబళిస్తోంది" అని కలిపితే చెడిపోతుంది, మా అనుభవంలో పిల్లలు తప్పకుండా కలుపుతారు. ఎందుకు తీసేయాలో పక్కన కూర్చొని చెప్పాలి. ఈ పని గైడు చేయలేదు.

ఇంకో మాట. పెడతరు, ఊదుతది, పట్టుకోవాలె అన్న చోట ఎర్ర ఇంకు పెట్టకండి. ఎర్ర ఇంకు పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: "విధ్యార్థి", "నీల్లు", "అర్దం" వంటి ఒత్తుల తప్పులు, ల ళ తప్పులు, శ ష స తారుమారు, వాక్యానికి మూడు "మరియు"లు, కర్త లేని "చేయబడింది"లు. ఒకే పేరాలో ఒకచోట "పోతది" అని, ఇంకోచోట "వెళ్లుచున్నది" అని కలగాపులగం చేస్తే అదీ చెప్పాలి. యాస తప్పు కాదు, నిలకడ లేకపోవడం తప్పు.

ఇక పద్యం. ఛందస్సును ఉత్పలమాలతో మొదలుపెట్టడమే పిల్లలు బెదరడానికి సగం కారణమని మేం గట్టిగా నమ్ముతున్నాం. ఆటవెలదితో మొదలుపెట్టాలి. ప్రాస నియమం లేదు. చిన్నప్పటి నుంచి వేమన పద్యాల వల్ల చెవికి పట్టిన నడక. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో మొదటి గణం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి (అక్షరాల మైత్రి), కుదరకపోతే ప్రాసయతి (వాటి రెండో అక్షరాలు కలవడం). సూర్యగణాలు రెండే: మూడు లఘువులు (పొట్టిగా పలికే అక్షరాలు), లేదా గురువు (పొడుగ్గా పలికే అక్షరం) తర్వాత లఘువు. మొదటి గంటలో పద్యం జోలికి పోకుండా ఇంట్లో వాడే మాటలను గణాల కింద పంచమనాలి. చేను, బోరు, గొర్రె, ఎద్దు ఒక గుంపు. వలస, కరువు, చెలక, మడుగు ఇంకో గుంపు. నాగలి, గొంగడి, కైకిలి ఇంద్రగణాల్లో భగణం (గురువు, రెండు లఘువులు). నల్లగొండ, పాలమూరు రెండూ రెండేసి సూర్యగణాలు, పాదం మొదట పెట్టుకోవడానికి తయారుగా ఉన్నాయి! ఈ పని చేశాక గణాలంటే భయం పోతుంది.

ఆ తర్వాత విద్యార్థి ఇట్లా కట్టిందనుకోండి:

బోరు వేసె నయ్య బువ్వకే లేకున్న
నీళ్లు రాక భూమి ఎండిపోయె
అప్పు మిగిలె నయ్య ఆలి పుస్తెలు పోయె
వలస బస్సు కొరకు వాడు నిలిచె

గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి. మొదటి పాదంలో బో, బు యతి కుదిరింది. రెండో పాదంలో నీ, ఎ కుదరలేదు. ఇప్పుడు జరిగే పద్ధతిలో "యతిభంగం" అని రాసి ఒక మార్కు తీసేస్తారు, అక్కడితో సరి. దిద్దే పద్ధతిలో అయితే ఆ చోటనే ఆపి, ఏం పెట్టొచ్చో వెతికిస్తారు. "నీళ్లు రాక భూమి కళ్లు మూసె" అంటే ప్రాసయతి సరిపోతుంది, నియమం నెరవేరుతుంది. కానీ కళ్లు మూసిన భూమిని ఎవరు చూశారు? అది ఎక్కడో విన్న మాట. న-కారంతో, ఇ ఈ ఎ ఏలలో ఒక అచ్చుతో మొదలయ్యే మాట కావాలి. చేనును గుర్తు తెచ్చుకొమ్మంటే "నెర్రె" దొరుకుతుంది. "నీరు రాని నేల నెర్రె విచ్చె." యతి కుదిరింది, చేనూ కనబడింది. యతి నియమం మాటకు సంకెల అని తరగతిలో చెప్తుంటాం. సరైన మాట దాకా వెతికించేది కూడా అదేనని రాసినప్పుడే తెలుస్తుంది.

మూడో పాదంలో రెండోసారి వచ్చిన "నయ్య" గణం నింపడానికి వచ్చింది తప్ప దానికి పని లేదు. "అప్పు వడ్డి పెరిగె ఆలి పుస్తెలు పోయె" అంటే ఆ ఖాళీలోకి వడ్డి వచ్చి కూర్చుంటుంది. నాలుగో పాదం బాగుంది, అట్లనే ఉంచాలి. ఒక్క పద్యానికి ఇంత మాట్లాడటానికి పదిహేను నిమిషాలు చాలు.

వచన కవితకు గణాలు లేవు కనుక సులువు అనుకుంటారు. మొదటి ప్రతిలో ఆవేదన, ఆక్రోశం, గుండెమంట, బతుకు చిత్రం లాంటి మాటలు వాడొద్దని ముందే చెప్తే చాలు, సగం కవిత రాలిపోతుంది, మిగిలిన సగంలో కవిత్వం ఉందో లేదో తెలుస్తుంది. పాటకట్టే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పాటకవి గోరటి వెంకన్న పుట్టిన గౌరారం మన నాగర్‌కర్నూల్ జిల్లాదే, 2021 సాహిత్య అకాడమీ పురస్కారం ఆయనకు వచ్చింది. అయినా రచన పేపరులో పాట రాస్తానంటే "సిలబస్‌లో లేదు" అంటున్నాం.

ఇదంతా చేయడానికి తీరిక ఎక్కడిది అని అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, అందుకే లెక్కవేసి చెప్తున్నాం. తరగతిలో 60 మంది. ఒక్కో రచన చదివి దిద్దడానికి తక్కువలో తక్కువ 10 నిమిషాలు. అందరివీ ప్రతి వారం దిద్దాలంటే 10 గంటలు. ఎవరివల్లా కాదు. అయోవా తరహా తరగతి పది, పదిహేను మందితో నడుస్తుంది, దాన్ని యథాతథంగా తెచ్చి 60 మంది మీద పెడితే మూడో వారానికే కూలిపోతుంది. కాబట్టి 15 మంది చొప్పున నాలుగు బ్యాచులు చేయాలి. 15 వారాల సెమిస్టరులో మొదటి 3 వారాలు అందరికీ కలిపి అభ్యాసాలు. మిగతా 12 వారాల్లో వారానికి ఒక బ్యాచు రచనలు టీచరు పూర్తిగా దిద్దాలి, అంటే వారానికి రెండున్నర గంటలు. నాలుగు బ్యాచులు మూడుసార్లు తిరుగుతాయి. ప్రతి విద్యార్థి రచన సెమిస్టరులో మూడుసార్లు టీచరు చేతిలో పడుతుంది. మొదటి విడత 300 మాటల వర్ణన, రెండో విడత ఇద్దరు మనుషుల మధ్య 400 మాటల సన్నివేశం, మూడో విడత నాలుగు ఆటవెలదులో తేటగీతులో, లేదంటే 25 పంక్తులు మించని వచన కవితో పాటో. మొత్తం దిద్దుబాటుకు 30 గంటలు. ఈ 30 గంటలకు ఇప్పుడు లెక్క లేదు, పీరియడు చొప్పున డబ్బులిచ్చే పార్ట్‌టైం, గెస్ట్ అధ్యాపకులకైతే ఒక్క పైసా లేదు. దిద్దుబాటు జరగకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది, అధ్యాపకుల సోమరితనం కాదు.

టీచరు దిద్దని వారాల్లో పిల్లలే ఒకరిది ఒకరు చదవాలి. ఇది సరిగా నడపకపోతే "సూపర్ అన్నా" అని చప్పట్లు కొట్టడంగానో, ఎగతాళిగానో మారుతుంది. చదివినవాళ్లు మూడింటికి మాత్రమే జవాబు చెప్పాలి: ఎక్కడ కళ్లకు కట్టింది, ఎక్కడ అర్థం కాలేదు, ఏ వాక్యం తీసేసినా నష్టం లేదు. అందరూ చెప్పేదాకా రాసినవాళ్లు మాట్లాడకూడదు. ఇంటి విషయాలు, కులం విషయాలు రాసిన ఆడపిల్లల రచన ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఆ పిల్ల మళ్లీ కలం పట్టదు. గదిలో చదివింది గది దాటకూడదు, ఊరి మనుషుల అసలు పేర్లు రాయకూడదు అన్న రెండు నియమాలు మొదటి రోజే రాసి గోడకు అంటించాలి.

ఇక మా డిమాండ్లు.

1. రచన పేపరును థియరీ జాబితా నుంచి తీసి ప్రాక్టికల్‌గా మార్చండి. క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్‌కు పాఠమైతే 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. రెండు క్రెడిట్ల పేపరుకు 60 గంటలు వస్తాయి, వారానికి నాలుగు చొప్పున 15 వారాలు. కొత్త నిబంధన ఏదీ అక్కర్లేదు, ఉన్నదాన్ని వాడుకుంటే చాలు.

2. మార్కులు ఇట్లా పంచండి: రచనల ఫైలుకు 50, ఆ ఫైలు మీద మౌఖిక పరీక్షకు 20, పరీక్ష హాల్లో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద రాసేదానికి 30. ఫైలులో ప్రతి రచనకు మొదటి ప్రతి, దిద్దిన ప్రతి, చివరి ప్రతి మూడూ కలిపి కుట్టి ఉండాలి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య వచ్చిన మార్పుకు మార్కులు వేయాలి. చాట్‌జీపీటీతో రాయించుకొచ్చే బెడదకు కూడా ఇదే మందు. మొదటి ప్రతి తరగతిలోనే చేత్తో రాయాలి, ఈ మాట ఎందుకు మార్చావని మౌఖికంలో అడగాలి.

3. 15 మందికి మించని బ్యాచులు పెట్టండి. దిద్దుబాటు గంటలను పనిభారంలో లెక్కించండి. పార్ట్‌టైం, గెస్ట్ అధ్యాపకులకు ఆ గంటలకూ పారితోషికం ఇవ్వండి. ఇది లేకుండా మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి.

4. కథనంలోనూ సంభాషణలోనూ ఇంటి యాసకు మార్కులు తగ్గించరాదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. లంబాడా, చెంచు విద్యార్థులు తమ ఇంటి మాటలను రచనలోకి తెచ్చుకోవచ్చని అందులోనే చేర్చండి.

5. ఛందస్సు యూనిట్‌ను ఆటవెలది, తేటగీతి, ద్విపద, కందం, ఆ తర్వాతే ఉత్పలమాల లాంటి వృత్తాలు అన్న వరుసలో మార్చండి. లక్షణం చెప్పే ప్రశ్నకు బదులు సమస్యాపూరణం, దత్తపది, యతి తప్పిన పాదాన్ని సరిచేసే ప్రశ్న ఇవ్వండి.

6. పేపరు చెప్పబోయే అధ్యాపకులకు ఐదు రోజుల శిక్షణ పెట్టండి. ఆ ఐదు రోజులూ ఉపన్యాసాలు వద్దు. వాళ్లే రాయాలి, వాళ్ల రచనను ఇతరులు దిద్దాలి. మాలో ఉన్న పద్యకవులు, కథకులు, విలేకరులు ఇందుకు వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు.

7. ప్రతి కళాశాల గ్రంథాలయానికి కథలు, కవితలు వేసే పత్రికలు తెప్పించండి. గోడపత్రికకు వరండాలో చోటివ్వండి. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కు కంప్యూటర్ ల్యాబులో నాలుగు గంటలు కేటాయించండి. చేత్తో రాసి, డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంటులో కొట్టించిన కథ ఈమెయిల్‌లో పోయేసరికి అక్షరాలు చెదిరిపోతున్నాయి.

మూడో డిమాండుకు తప్ప మిగతావాటికి పెద్దగా డబ్బు ఖర్చు లేదు. అన్నీ ఒకేసారి కుదరకపోతే ప్రతి ఉమ్మడి జిల్లాలో రెండేసి కళాశాలల్లో ఒక సెమిస్టరు నడిపి చూడండి. ఫైళ్లు తెప్పించుకొని మొదటి ప్రతినీ చివరి ప్రతినీ మీరే పక్కపక్కన పెట్టి చదవండి.

వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ ఖరారయ్యేలోపు పాఠ్యప్రణాళికా సంఘం సమావేశంలో ఈ లేఖను ఎజెండాలో చేర్చి, మా తరఫున ఇద్దరిని పిలిచి వినాలని, ఒప్పుకున్నవేవో ఒప్పుకోనివేవో కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. అప్పటికీ జవాబు రాకపోతే ఇదే లేఖను విద్యార్థుల సంతకాలతో ప్రతి కళాశాల నుంచి మళ్లీ పంపుతాం.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల తెలుగు అధ్యాపకులు, పద్యకవులు, కథకులు, పాత్రికేయులు